లండన్–టోక్యో దూరం 9,600 కి.మీ. అయితే ఫ్లైట్‌కి 14 గంటలు ఎందుకు? పోయే దారి ఒకటి, వచ్చే దారి ఇంకోటి ఏంటి?

కోడ్_కుర్రోడు:
అందరికీ హాయ్ అండి. రెండు సిటీల పేర్లు ఇస్తే మధ్యలో ఫ్లైట్ దూరం ఎంత, ఎన్ని గంటలు పడుతుంది అని చెప్పే చిన్న ప్రోగ్రాం రాస్తున్నా, కాలేజీ ప్రాజెక్టు. దూరం వరకు బాగానే వస్తోంది, అక్షాంశాలు రేఖాంశాలు తీసుకుని హావర్‌సైన్ ఫార్ములాలో (భూమిని గోళం అనుకుని దూరం కట్టేది) వేస్తే లండన్ హీత్రో నుంచి టోక్యో హనేడాకి 9,590 చిల్లర కి.మీ. చూపిస్తోంది, వెబ్‌సైట్లలో కూడా కాస్త అటూ ఇటూగా 9,600 అనే ఉంది.

తేడా కొడుతోంది టైమ్ దగ్గరే. విమానం స్పీడు గంటకి 900 అనుకుంటే పదిన్నర, మహా అయితే పదకొండు గంటల్లో దిగిపోవాలి కదా. టికెట్ సైట్లలో చూస్తే మధ్యలో ఎక్కడా ఆగని ఫ్లైటే 14 గంటల చుట్టుపక్కల ఉంది. మూడు గంటలు ఎక్కడికి పోయాయి?

ఇంకో విచిత్రం ఏంటంటే ఫ్లైట్ ట్రాకర్ ఓపెన్ చేసి చూస్తే లండన్ నుంచి టోక్యో పోయే ఫ్లైట్ కిందికి దిగి టర్కీ వైపు నుంచి కజకిస్తాన్, చైనా మీదుగా పోతోంది, అదే టోక్యో నుంచి లండన్ వచ్చేది మాత్రం ఇటు రాకుండా అటు పసిఫిక్ మీదికి పోయి అలాస్కా, గ్రీన్‌లాండ్ మీంచి వస్తోంది!! అవే రెండు ఊర్లు, ఒకడు పడమర నుంచి తూర్పుకి పోయి మళ్ళీ తూర్పుకే పోయి ఇంటికొస్తున్నాడు. ఇదేం లెక్క? మ్యాప్ మీద చూస్తే రెండు ఊర్ల మధ్య గీత సూటిగా గీస్తే అయిపోతుంది కదా. నా ప్రోగ్రాం టైమ్ ఎలా కట్టాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గ్లోబు_మాస్టారు:
నువ్వు కట్టిన దూరం సరైనదే బాబూ, దాన్ని ముట్టుకోకు. ముందు ఆ మ్యాప్ మీద సూటి గీత సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే సగం గందరగోళం అక్కడే ఉంది.

గోడకి తగిలించే మ్యాప్ (మెర్కేటర్ పద్ధతిలో గీసింది) మీద లండన్‌కీ టోక్యోకీ మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది పొట్టి దారిలా కనిపిస్తుంది గానీ ఆ గీత వెంబడే నిజంగా ఎగిరితే సుమారు 11,300 కి.మీ. అవుతుంది. అంటే నీ 9,590 కంటే 1,700 ఎక్కువ. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అసలు పొట్టి దారి గ్రేట్ సర్కిల్ (భూమిని సరిగ్గా రెండు సగాలు చేసే వలయం) వెంబడి పోతుంది, ఒక గ్లోబు తెచ్చుకుని రెండు ఊర్ల మీదా దారం బిగించి పట్టుకుంటే నీకే తెలిసిపోతుంది. లండన్ ఉన్నది 51 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద, టోక్యో 35న్నర దగ్గర, కానీ ఆ దారం 71 డిగ్రీల దాకా పైకి పోతుంది! ఆర్కిటిక్ వలయం దాటేసి, రష్యాకి ఉత్తరాన కారా సముద్రం దగ్గర శిఖరానికి చేరి, అక్కడి నుంచి సైబీరియా మీదుగా కిందికి దిగుతుంది. రెండు ఊర్లలో ఏదీ అంత పైన లేదు, అయినా దారి అంత పైకి పోతుంది, మొదటిసారి గ్లోబు మీద చూసినప్పుడు ఎవరికైనా నమ్మబుద్ధి కాదు.

దక్షిణార్ధగోళంలో ఇదే తిరగబడుతుంది. సిడ్నీ, చిలీలోని శాంటియాగో రెండూ 34 డిగ్రీల దక్షిణం చుట్టుపక్కలే ఉంటాయి, మధ్యలో పొట్టి దారి మాత్రం దాదాపు 62 డిగ్రీల దక్షిణం దాకా, అంటే అంటార్కిటికా వైపుకి వంగి పోతుంది.

కొందరు విమానం 11 కి.మీ. ఎత్తులో ఎగురుతుంది కదా, వలయం పెద్దదయి దూరం పెరగదా అని అడుగుతారు. పెరుగుతుంది, నీ రూట్‌కి మొత్తం మీద 16, 17 కి.మీ. అంతే, వదిలెయ్. భూమి పూర్తి గోళం కాదు, ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయి ఉంటుంది (భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378, ధ్రువాల దగ్గర 6,357), దానివల్ల హావర్‌సైన్‌లో అర శాతం దాకా తప్పు రావచ్చు. వెబ్‌సైట్లకీ నీకూ ఆ కొంచెం తేడా అందుకే.

సింపుల్_గా:
ఇంత అక్కర్లేదు అండి. భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది, అందుకే ఒకవైపు పోతే ఊరు ఎదురొస్తుంది, ఇంకోవైపు పోతే ఊరు పారిపోతుంది, అందుకే పోయే టైమ్ వచ్చే టైమ్ వేరు. స్కూల్లో చెప్పారు మాకు.

గాలివాటం:
సింపుల్_గా గారు, అదే నిజమైతే ఒక హెలికాప్టర్ పైకి లేచి గంట సేపు గాల్లో కదలకుండా నిలబడితే కింద ఊరు మారిపోవాలి, భూమధ్యరేఖ దగ్గర అయితే గంటకి 1,670 కి.మీ. అవతల దిగాలి. టికెట్ కూడా అక్కర్లేదు 😀 భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది, రన్‌వే మీద నిలబడ్డ విమానం కూడా అదే వేగంతో తిరుగుతోంది, పైకి లేచినంత మాత్రాన ఆ వేగం పోదు. మీరు చెప్పిన లెక్కన తూర్పుకి పోయే ఫ్లైట్‌కి ఊరు పారిపోవాలి కాబట్టి ఎక్కువ టైమ్ పట్టాలి కదా, నిజంగా జరిగేది దానికి రివర్స్. మామూలుగా తూర్పుకి పోయేదే తొందరగా చేరుతుంది.

దానికి కారణం జెట్ స్ట్రీమ్. విమానాలు ఎగిరే ఎత్తులోనే, 30 నుంచి 40 వేల అడుగుల మధ్య, పడమర నుంచి తూర్పుకి నదిలా పారే గాలి అది, చలికాలంలో గంటకి 300 కి.మీ. దాటిన రోజులు కూడా ఉంటాయి. భూమి తిరగడానికీ దీనికీ సంబంధం ఉంది, లేదనట్లేదు, భూమధ్యరేఖ దగ్గరి వేడి గాలి ధ్రువాల వైపు కదులుతుంటే భూమి తిరుగుడు వల్ల అది తూర్పుకి మళ్ళుతుంది. కానీ విమానాన్ని నెట్టేది గాలి, భూమి కాదు.

కోడ్_కుర్రోడూ, నువ్వు 900 అని పెట్టుకున్నది గాలితో పోలిస్తే విమానం వేగం. సీటు ముందు స్క్రీన్ మీద కనిపించేది నేలతో పోలిస్తే వేగం. ఏటికి ఎదురీదే పడవ, వాలున పోయే పడవ ఒకే బలంతో తెడ్డు వేసినా ఒడ్డు మీద ఉన్నోడికి వేరే వేరే వేగాలు కనిపిస్తాయి చూడు, అదే సంగతి. 2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను టైమ్‌లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది, నేల మీది వేగం ఒక దశలో గంటకి 1,300 దాటింది. అప్పుడు చాలామంది సౌండ్ బ్యారియర్ దాటేసింది అని రాసేశారు, అదేం లేదు, గాలితో పాటు పోతోంది కాబట్టి గాలికి దాని వేగం మామూలే.

ఒక్క విషయం, జెట్ స్ట్రీమ్ బాగా బలంగా ఉండే చోట్లలో జపాన్ నెత్తి మీది ఆకాశం ఒకటి. 1920ల్లోనే ఓయిషి వసాబురో అనే జపాన్ వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు వదిలి వాటిని గమనిస్తూ ఈ గాలిని కొలిచాడు, 1926లో రిపోర్టు కూడా అచ్చువేశాడు, కాకపోతే ప్రపంచం అంతా చదవాలని దాన్ని ఎస్పెరాంటోలో (అన్ని దేశాలవాళ్ళకీ పనికొచ్చేలా తయారుచేసిన భాష) రాశాడు పాపం, ఎవరూ పట్టించుకోలేదు. 1944లో అమెరికా బి-29 బాంబర్ విమానాలు టోక్యో మీదికి వచ్చినప్పుడు ఆ గాలి దెబ్బేంటో వాళ్ళకి తెలిసొచ్చింది.

రూట్ల_పిచ్చి:
పైన ఇద్దరు పెద్దలు చెప్పింది కరెక్టే గానీ నీ మూడు గంటలకి అసలు సమాధానం ఇంకా రాలేదు బ్రో. నీ గ్రేట్ సర్కిల్‌లో చాలా భాగం రష్యా మీద ఉంది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక బ్రిటన్ రష్యా విమానాలని ఆపేసింది, మర్నాడే రష్యా బ్రిటిష్ విమానాలకి తన ఆకాశం మూసేసింది, యూరప్ దేశాలకీ అదే జరిగింది, జపాన్ కంపెనీలు కూడా అటు పోవడం మానేశాయి. అంతకుముందు లండన్–టోక్యో పదకొండున్నర, పన్నెండు గంటల్లో అయిపోయేది, నీ ప్రోగ్రాం చెప్పే టైమ్‌కి దగ్గరే. అంటే నీ ఫార్ములా తప్పు కాదు, 2021 వరకు అయితే పాసయ్యేవాడివి.

ఇప్పుడు రెండే దారులు. ఒకటి దక్షిణం వైపు, నల్లసముద్రం, కాకసస్, కాస్పియన్, కజకిస్తాన్, చైనా. రెండోది ఉత్తరం వైపు, బేరింగ్ జలసంధి, అలాస్కా, కెనడా పైభాగం, గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్. ఉత్తరం దారి దగ్గర దగ్గర 12,000 కి.మీ. దక్షిణం దారి దానికంటే కొంచెం తక్కువ. లండన్ నుంచి పోయేటప్పుడు దక్షిణం దారి పట్టుకుంటే వెనక నుంచి గాలి తోస్తుంది. టోక్యో నుంచి వచ్చేటప్పుడు అదే దారిలో వస్తే ఇందాక గాలివాటం గారు చెప్పిన గాలికి చైనా దాకా ఎదురు పోవాలి, అదే పసిఫిక్ వైపు తిరిగితే మొదట్లో అదే గాలి వెనకనుంచి నెడుతుంది, పైన ధ్రువం వైపు పోయాక గాలులు అంత ఉండవు. కిలోమీటర్లు పెరిగినా గంటలు పెరగవు. అందుకే వాడు రెండుసార్లూ తూర్పుకే పోయి భూమిని చుట్టేసి ఇంటికొస్తున్నాడు. ఇది ప్రతి రోజూ ప్రతి కంపెనీకీ ఇలాగే ఉంటుందని కాదు, ఆ రోజు గాలుల లెక్క చూసి డిస్పాచ్ వాళ్ళు దారి గీస్తారు, ట్రాకర్‌లో వారం రోజులు వరసగా చూస్తే గీతలు అటూ ఇటూ జరుగుతూ కనిపిస్తాయి.

ఇందులో నాకు భలే నచ్చే సంగతి ఏంటంటే ఇదంతా కొత్తేం కాదు. కోల్డ్ వార్ టైమ్‌లో సోవియట్ యూనియన్ ఇలాగే తన ఆకాశం మీంచి చాలావరకు పోనిచ్చేది కాదు కాబట్టి యూరప్ నుంచి జపాన్ పోవాలంటే అలాస్కాలో యాంకరేజ్‌లో దిగి ఇంధనం పోయించుకుని పోవడమే ఎక్కువ. 1957 ఫిబ్రవరిలో ఎస్ఏఎస్ (స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్) వాళ్ళు కోపెన్‌హాగన్ – యాంకరేజ్ – టోక్యో సర్వీసు మొదలెట్టారు, ప్రొపెల్లర్ల విమానంతో. 1983లో ఫిన్లాండ్ కంపెనీ ఫిన్‌ఎయిర్ హెల్సింకి నుంచి టోక్యోకి ఆగకుండా పోయింది, ఉత్తర ధ్రువం వైపు నుంచి చుట్టు తిరిగి, పదమూడు గంటల చిల్లర. తర్వాత సైబీరియా తెరిచారు, హెల్సింకి – టోక్యో 7,800 కి.మీ. తొమ్మిదిన్నర గంటల్లో అయిపోయేది, యూరప్ నుంచి ఆసియాకి అదే పొట్టి దారి అని ఫిన్‌ఎయిర్ తన బిజినెస్ మొత్తం దాని మీదే కట్టుకుంది. 2022లో తలుపు మళ్ళీ మూసుకుంది, అదే ఫిన్‌ఎయిర్ మళ్ళీ ధ్రువం దారికే పోయింది, మళ్ళీ పదమూడు గంటలు! నలభై ఏళ్ళలో విమానాలు ఎంత మారినా ఆ రూట్ టైమ్ మొదటికొచ్చింది.

ఇంకో మాట, ఆ తలుపు అందరికీ మూసుకోలేదు. చైనా కంపెనీలు ఇప్పటికీ రష్యా మీంచే పోతున్నాయి. కాబట్టి యూరప్ – చైనా రూట్లలో అయితే దూరం అదే, విమానం కూడా దాదాపు అదే, కంపెనీ మారితే టైమ్ మారిపోతుంది. నీ అక్షాంశాలూ రేఖాంశాలూ ఈ సంగతి ఎలా చెప్తాయి చెప్పు.

కోడ్_కుర్రోడు:
వామ్మో. మాస్టారూ, రూట్ల_పిచ్చి అన్నా, గాలివాటం గారూ చాలా థ్యాంక్స్. 71 డిగ్రీలు అనేది కోడ్‌లో వేసి చూశా, నిజంగానే వచ్చింది, మధ్యలో పాయింట్లు తీసి గీస్తే స్కాండినేవియా మీంచి పైకి పోయింది.

రెండు డౌట్లు. ఒకటి, దారి చుట్టు తిరిగినా గాలి కలిసొస్తే లాభమే అన్నారు కదా, మరీ అంత లాభం ఉంటుందా, దానికి లెక్క ఏమైనా ఉందా? రెండు, పోయేటప్పుడు గాలి కలిసొచ్చి వచ్చేటప్పుడు ఎదురైతే రెండూ కలిపి సగటు తీస్తే గాలి ప్రభావం కొట్టేసుకుంటుంది కదా, అప్పుడు గాలి గురించి పట్టించుకోకుండా సగటు టైమ్ ఒకటి ఇచ్చేస్తే సరిపోదా?

గాలివాటం:
రెండోది ముందు. కొట్టేసుకోదు. 9,000 కి.మీ. రూట్ తీసుకో, విమానం 900, గాలి 100. గాలితో పాటు పోతే 1,000 వేగం, 9 గంటలు. ఎదురు పోతే 800 వేగం, 11 గంటల 15 నిమిషాలు. మొత్తం 20 గంటల 15 నిమిషాలు. గాలే లేకపోతే 20. ఎందుకంటే ఎదురుగాలిలో ఎక్కువ సేపు ఉంటావు, తోడు గాలిలో తక్కువ సేపు ఉంటావు, కాబట్టి నష్టం ఎప్పుడూ లాభం కంటే కాస్త ఎక్కువే. అయినా సగటు తీస్తే పావుగంట తేడా పెద్దది కాదనుకో, కానీ టికెట్ కొనేవాడికి సగటుతో ఏం పని, వాడికి పోయేది 9 గంటలా, వచ్చేది పదకొండా అని కావాలి. రెండు దిక్కులకీ వేరే వేరే నంబర్లు ఇవ్వు.

మొదటి డౌట్‌కి మంచి ఉదాహరణ ఉంది. ఎయిర్ ఇండియా ఢిల్లీ – శాన్‌ఫ్రాన్సిస్కో. మొదట్లో అట్లాంటిక్ వైపు నుంచి పోయేవాళ్ళు, ఎగిరే దూరం 13,900 కి.మీ. 2016 అక్టోబర్‌లో దారి మార్చి పసిఫిక్ వైపు నుంచి పంపారు, దూరం 15,300. అంటే 1,400 కి.మీ. ఎక్కువ. టైమ్ మాత్రం 14న్నర గంటలకి దిగింది, పాత దారి కంటే దాదాపు రెండు గంటలు తక్కువ! భాగించి చూడు, కొత్త దారిలో నేల మీది సగటు వేగం 1,055 వస్తుంది, పాత దారిలో 840, 850 మధ్య. విమానం అదే, గాలి వేరు. వచ్చేటప్పుడు కూడా మళ్ళీ తూర్పుకే తిప్పి రాకూడదా అనుకుంటావేమో, శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి అమెరికా, అట్లాంటిక్, యూరప్ మీదుగా తూర్పుకి వస్తే అది తూర్పే కదా, అలాగే వచ్చేవాళ్ళు. నీ లండన్–టోక్యో వాడిలాగే వీళ్ళూ భూమిని చుట్టేవాళ్ళు.

దీనికి వాడే లెక్క పేరు ఎయిర్ డిస్టెన్స్ అంటారు, నేల మీద ఎన్ని కి.మీ. అని కాకుండా గాలిలో ఎన్ని కి.మీ. ఎగిరింది అని. 14న్నర గంటలు ఇంటూ 900 వేస్తే 13,050. పాత దారికి 16న్నర ఇంటూ 900 అంటే 14,850. ఆ లెక్కన పొడుగు దారే పొట్టిది. ఇంధనం కాలేది కూడా ఈ లెక్క ప్రకారమే.

సింపుల్_గా:
సరే సరే, హెలికాప్టర్ దెబ్బకి ఒప్పుకున్నా. కానీ ఒకటి చెప్పండి, ధ్రువం దారి అంత బాగుంటే అందరూ అటే పోవచ్చు కదా, మనుషులు లేరు, ట్రాఫిక్ లేదు.

రూట్ల_పిచ్చి:
ట్రాఫిక్ లేదు, ఎయిర్‌పోర్టులు కూడా లేవు గురూ, అదే చిక్కు. ఇప్పుడు పెద్ద విమానాలు చాలావరకు రెండు ఇంజిన్లవే. ఒక ఇంజిన్ ఆగిపోతే మిగిలిన దానితో ఇన్ని నిమిషాల్లో దిగగలిగే ఎయిర్‌పోర్టు దారి పొడుగునా అందుబాటులో ఉండాలి అని రూలు, ఈటాప్స్ అంటారు. 120 నిమిషాలు, 180, ఇంకా ఎక్కువ అలా విమానాన్ని బట్టి కంపెనీని బట్టి పర్మిషన్ ఇస్తారు. ధ్రువం మీద పోవాలంటే ఎక్కువ నిమిషాల పర్మిషనే కావాలి. పైగా బయట చలికి ట్యాంకులో ఇంధనం చల్లబడిపోతుంది, జెట్ ఏ-1 రకం మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది, జెట్ ఏ అయితే మైనస్ 40కే, కాబట్టి పైలట్లు ఆ టెంపరేచర్ మీద ఒక కన్నేసి ఉంచుతారు, అవసరమైతే కిందికి దిగుతారు లేదా స్పీడ్ పెంచుతారు. అమెరికా రూల్స్‌లో అయితే ధ్రువం మీద పోయే విమానంలో మంచులో దిగాల్సి వస్తే తొడుక్కోడానికి కనీసం రెండు స్పెషల్ సూట్లు ఉండాలి, అవి సిబ్బందికి, ప్యాసింజర్లకి కాదు 🙂

గ్లోబు_మాస్టారు:
ఒక చిన్న మాట. ప్రోగ్రాంలో హావర్‌సైన్ బదులు విన్సెంటీ ఫార్ములా పెడదామని నీకు ఎవరో ఒకరు చెప్తారు, 1975 నాటిది, చాలా కచ్చితంగా ఉంటుంది. కానీ భూమికి సరిగ్గా అటు చివర ఇటు చివర ఉన్న రెండు చోట్ల దగ్గర అది తేలకుండా తిరుగుతూనే ఉంటుంది. 2013లో కార్నీ రాసిన పద్ధతికి ఆ బాధ లేదు, జియోగ్రాఫిక్‌లిబ్ అనే ఉచిత లైబ్రరీలో ఉంది, అది వాడుకో. అయినా నీ టైమ్‌లోనే రెండు మూడు గంటల తేడా ఉన్నప్పుడు దూరంలో పాతిక కి.మీ. సరిచేసుకుని ఏం చేస్తావ్, ఊరికే చెప్తున్నా.

చెక్ చేసుకోడానికి ఒక పెద్ద రూట్ పెట్టుకో, సింగపూర్ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కే, 15,349 కి.మీ., ఇప్పుడు నడుస్తున్న ఆగని సర్వీసుల్లో అదే పొడుగుది. షెడ్యూల్ 18న్నర, 19 గంటల మధ్య ఉంటుంది. ఇక భూమి మీద ఏ రెండు చోట్ల మధ్య అయినా దూరం 20,000 కి.మీ. కొంచెం దాటి పోదు, నీ ప్రోగ్రాం 22,000 చూపించిందంటే డిగ్రీలు, రేడియన్లు ఎక్కడో కలగాపులగం అయినట్టే. మైళ్ళ దగ్గర కూడా జాగ్రత్త, విమానాల వాళ్ళది నాటికల్ మైలు, 1.852 కి.మీ., రోడ్డు మైలు 1.609. నీ లండన్–టోక్యో ఒకదాంట్లో 5,180, ఇంకోదాంట్లో 5,960 వస్తుంది, రెండు సైట్లు రెండు రకాలుగా చూపిస్తే ఏది తప్పు అని జుట్టు పీక్కోకు.

లేఓవర్_రాణి:
ఇప్పుడే చూశా ఈ థ్రెడ్. అందరూ గాలి, రష్యా, ధ్రువం అన్నారు గానీ టికెట్ మీద ఉండే టైమ్ అంటే ఏంటో ఎవరూ చెప్పలేదు. తమ్ముడూ, అది గాల్లో ఉండే టైమ్ కాదు. గేటు దగ్గర నుంచి విమానం వెనక్కి కదిలిన దగ్గర్నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా, బ్లాక్ టైమ్ అంటారు. హీత్రో లాంటి రద్దీ ఎయిర్‌పోర్టులో రన్‌వే దాకా పాక్కుంటూ పోవడానికే ఇరవై నిమిషాలు, అరగంట పోతుంది, దిగేటప్పుడు క్యూలో ఉండి చక్కర్లు కొడితే అదొకటి. పైగా కంపెనీలు టైమ్‌కి దిగాం అనిపించుకోవడానికి కాస్త ఎక్కువే రాసుకుంటాయి, అందుకే ఒక్కోసారి గంట లేటుగా బయల్దేరి కూడా అరగంటే లేటుగా దిగుతాం. మొదట్లో పైకి ఎక్కేటప్పుడూ చివర్లో దిగేటప్పుడూ 900 స్పీడు ఎలాగూ ఉండదు. కాబట్టి దూరం బై 900 కి కనీసం ముప్పావుగంట కలుపు, పొడుగు రూట్లకి గంట కలిపినా తప్పులేదు.

ప్రోగ్రాం వాడేవాళ్ళకి నిజంగా పనికొచ్చేది ఎన్నింటికి దిగుతాం అన్నది, నువ్వు దాని గురించి ఇంకా ఆలోచించలేదనుకుంటా. టోక్యోలో పొద్దున 10కి బయల్దేరి 14 గంటలు ఎగిరితే టోక్యో గడియారంలో అర్ధరాత్రి, కానీ లండన్‌లో చలికాలం అయితే అదే రోజు మధ్యాహ్నం 3, ఎండాకాలం అయితే 4. అలాస్కా వైపు నుంచి పోతే మధ్యలో తేదీ రేఖ కూడా దాటతాం, దాటినప్పుడు నిన్నటి తేదీలోకి పోయి మళ్ళీ ఇవాళ్టికి వస్తాం, అదంతా ప్రోగ్రాంలో పెట్టాలని చూడకు, పిచ్చెక్కుతుంది. అటు నుంచి రాత్రి 7కి లండన్‌లో ఎక్కితే చలికాలంలో టోక్యోలో మర్నాడు సాయంత్రం 6కి దిగుతాం, ఒక రాత్రీ ఒక పగలూ ఎక్కడ పోయాయో తెలీదు.

కోడ్_కుర్రోడు:
అక్కా అది అసలు ఆలోచించలేదు నిజంగా. చలికాలం ఎండాకాలం అంటే అక్కడ గడియారాలు మారుస్తారు కదా, అది ఎలా పెట్టాలి? జపాన్‌లో కూడా మారుస్తారా? ఇంకా రష్యా గొడవ ప్రోగ్రాంకి ఎలా తెలుస్తుంది, అది వదిలేసి కింద ఒక లైను నోట్ పెట్టేయనా?

రూట్ల_పిచ్చి:
నోట్ పెట్టేస్తే ఎవడూ చదవడు బ్రో. ఇలా చెయ్, గ్రేట్ సర్కిల్ మీద ప్రతి 100 కి.మీ.కి ఒక పాయింట్ తీసుకో, ఏ పాయింట్ ఏ దేశం మీద పడిందో చూడు, రష్యా మీద పడితే ఈ రూట్ చాలా కంపెనీలకి మూసి ఉంది, టైమ్ ఎక్కువ పట్టొచ్చు అని టైమ్ పక్కనే ఎర్రగా చూపించు. దేశాల సరిహద్దులు ఉచితంగా దొరుకుతాయి. మూసిన దేశాల లిస్టు మాత్రం కోడ్‌లో రాసేయకుండా వేరే ఫైల్‌లో పెట్టు, ఎందుకంటే అది మారుతూనే ఉంటుంది, 2019లో పాకిస్తాన్ ఫిబ్రవరి నుంచి జూలై దాకా మూసింది, 2025 ఏప్రిల్‌లో భారత విమానాలకి మళ్ళీ మూసింది. ఇంకా టైమ్ ఒక్క నంబర్ ఇవ్వకు, పదమూడు నుంచి పద్నాలుగున్నర అలా రేంజ్ ఇవ్వు. 13 గంటల 47 నిమిషాలు అని చూపించే సైట్లంటే నాకు ఒళ్ళు మంట, గాలి వాళ్ళతో ఫోన్‌లో మాట్లాడినట్టు.

గాలివాటం:
రేంజ్‌కి నా ఓటు కూడా. చలికాలంలో తూర్పుకి పోయే రూట్లకి రేంజ్ కాస్త వెడల్పుగా పెట్టు, జెట్ స్ట్రీమ్ అప్పుడే బలంగా ఉంటుంది, రోజుకో రకంగా కూడా ఉంటుంది. భూమధ్యరేఖ చుట్టుపక్కల ఉత్తర దక్షిణాలుగా పోయే రూట్లకి పోయేదీ వచ్చేదీ ఒకటే ఇచ్చినా పర్లేదు, అక్కడ ఈ గొడవ పెద్దగా ఉండదు.

లేఓవర్_రాణి:
జపాన్‌లో గడియారాలు మార్చరు తమ్ముడూ, ఏడాదంతా యూటీసీకి (ప్రపంచం అంతటికీ ఒకటే ఉండే ప్రామాణిక టైమ్) 9 గంటలు ముందే. బ్రిటన్‌లో మార్చి ఆఖరి ఆదివారం ముందుకి జరిపి అక్టోబర్ ఆఖరి ఆదివారం వెనక్కి తెస్తారు. అమెరికాలో అవే తేదీలు కాదు, మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. అంటే మార్చిలో రెండు మూడు వారాలు, అక్టోబర్ ఆఖర్లో ఒక వారం లండన్‌కీ న్యూయార్క్‌కీ తేడా 5 గంటలు కాకుండా 4 గంటలే ఉంటుంది, ఆ వారాల్లో కనెక్టింగ్ ఫ్లైట్ల లెక్క చేతి మీద వేసుకుంటే చచ్చామే. ఇవన్నీ నువ్వు చేత్తో రాయకు, చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో టైమ్ జోన్ల డేటాబేస్ రెడీగా ఉంటుంది, ఊరి పేరుతోనే అడగొచ్చు. బయల్దేరే టైమ్‌ని యూటీసీలోకి మార్చు, గంటలు కలుపు, దిగే ఊరి టైమ్‌లోకి మార్చు, అంతే. టెస్ట్ చేసేటప్పుడు మాత్రం ఖాట్మండు కూడా పెట్టు, అది యూటీసీకి 5 గంటల 45 నిమిషాలు ముందు ఉంటుంది, గంటలూ అరగంటలూ మాత్రమే లెక్కేసే కోడ్ అయితే అక్కడ దొరికిపోతుంది.